సామాను ఒకరికి అప్పజెప్పాం, దించింది ఇంకొకరు

పుణె నుంచి విశాఖపట్నం చేరేలోపు మా ఇంటి సామాను నాలుగు చేతులు మారింది. ఫోనులో ధర చెప్పినవారు ఒకరు, ఇంటికి వచ్చి సర్దినవారు వేరొకరు, లారీ ఇంకొకరిది, విశాఖలో దించినవారు ఆ ముగ్గురితోనూ సంబంధం లేని కూలీలు. తేడా వచ్చినప్పుడల్లా ఈ నలుగురిలో ప్రతివారూ మిగిలిన ముగ్గురి వైపు వేలు చూపించారు. ఇల్లు మారేటప్పుడు అలసట తప్పదు, రెండు మూడు గాజు సామాన్లు పగలడమూ తప్పదు. వాటికి మనసు ముందే సిద్ధపడి ఉంటుంది. మన డబ్బు పుచ్చుకున్న మనిషి ఎవరో తేలకుండా పోవడానికి మాత్రం మేము సిద్ధపడలేదు. పుణె, బెంగళూరు, గురుగ్రామ్ వంటి ఊళ్ళ నుంచి మన వైపు తిరిగి వచ్చేవారికి పనికివస్తుందని, ఇళ్ళ సామాను సర్ది తరలించే ఈ ప్యాకర్స్ అండ్ మూవర్స్ వ్యాపారం నడిచే తీరును కాస్త వివరంగా రాస్తున్నాను.

చిక్కు ధర అడగడంతోనే మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించిన ఒక పేజీలో మా ఫోను నంబరు, బయలుదేరే ఊరు, చేరే ఊరు నింపి పంపిన కాసేపటికే ఫోన్లు మొదలయ్యాయి. రాత్రి భోజనాల వేళ దాకా ఆగలేదు. మనం ఒక కంపెనీని అడిగామనుకుంటాం గాని, అటువంటి పేజీలు నడిపేవారి వ్యాపారం మన నంబరును పలువురికి అమ్ముకోవడమే. ఫోన్ చేసినవారిలో చాలామందికి సొంత లారీ లేదు, సొంత గోడౌన్ లేదు. కొందరికి సొంత పేరు కూడా లేదు. పేరున్న పాత కంపెనీల పేర్లలో ఒక అక్షరం మార్చో, చివర మరో మాట తగిలించో పెట్టుకున్నవే ఎక్కువ. అదే సామానుకు ఒకరు చెప్పిన ధరకూ ఇంకొకరు చెప్పిన ధరకూ దాదాపు రెట్టింపు తేడా ఉంది. తక్కువ చెప్పినవారిని అనుమానించాలని అందరికీ తెలుసు. ఎక్కువ చెప్పినవారు సైతం చివరికి ఆ పనిని తక్కువ ధరకు ఒప్పుకునేవారికే అప్పగిస్తారని మాకు విశాఖలో గాని అర్థం కాలేదు.

ధర చెప్పిన ప్రతివారూ ‘జి.ఎస్.టి. అదనం’ అన్నారు. ఆ మాట పట్టుకుని కొంత ఆరా తీయవచ్చు. జి.ఎస్.టి. నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి 15 ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. మహారాష్ట్రకు 27, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ నంబరును జి.ఎస్.టి. వెబ్‌సైటులో వెతికితే అది ఎవరి పేరు మీద ఉందో, ఎప్పుడు తీసుకున్నారో, ఇంకా అమలులో ఉందో రద్దయిందో కనిపిస్తుంది. పైసా ఖర్చు లేదు. మాకు వచ్చిన కొటేషన్లలో ఒకదాని మీద ‘పాతికేళ్ళ అనుభవం’ అని ఎర్ర అక్షరాలు ఉన్నాయి, దాని నంబరు మాత్రం నిరుడే తీసుకున్నది. ఇంకొకరి నంబరు ఎప్పుడో రద్దయిపోయింది. మరొకరిని నంబరు అడిగితే, “బిల్లు కావాలంటేనే జి.ఎస్.టి., వద్దంటే ఆ ఖర్చు ఉండదు మేడమ్” అని ఉదారంగా చెప్పారు. బిల్లు లేకపోతే రేపు సామాను పోయినా అడగడానికి ఆధారం ఉండదు. వారి ఉదారత అంతా ఆ ఒక్క సదుపాయం కోసమే.

చివరికి నంబరు సరిగా ఉన్న, ఇల్లు చూడడానికి మనిషిని పంపిన ఒక కంపెనీని ఎంచుకున్నాం. వచ్చిన సూపర్‌వైజరు మర్యాదస్తుడే. అలమరలు తెరిచి చూశాడు, మంచాల కిందికి వంగి చూశాడు, బాల్కనీలోని రుబ్బురోలును కాలితో కొద్దిగా కదిపి బరువు అంచనా కట్టాడు. అంతా 14 అడుగుల బండికి సరిపోతుందని, అందులో మా సామాను తప్ప ఇంకొకరిది ఎక్కదని చెప్పి, కాగితం మీద ‘ఫుల్ లోడ్’ అని రాశాడు. దూరం పంపేటప్పుడు ధరలో పెద్ద తేడా తెచ్చేది ఈ మాటే. పార్ట్ లోడ్ అయితే మన సామాను ముందు ఊరి పొలిమేరలోని గోడౌనుకు వెళుతుంది. అటువైపు వెళ్ళే మరి రెండు మూడు ఇళ్ళ సామాను పోగయ్యేవరకు అక్కడే పడి ఉంటుంది. ఆ తరువాత అందరిదీ కలిపి పెద్ద కంటైనరులోకి ఎక్కిస్తారు. దారిలో హైదరాబాదులోనో విజయవాడలోనో ఒకరిది దించడానికి మిగిలినవారిది పక్కకు జరుపుతారు. ఎన్నిసార్లు ఎక్కించి దించితే అన్నిసార్లు ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది. పార్ట్ లోడ్ తప్పుడు పనేమీ కాదు, చౌకగా పంపాలంటే అదే దారి. ఫుల్ లోడ్ ధర పుచ్చుకుని పార్ట్ లోడ్‌లో పంపడం మాత్రం మోసం. మాకు జరిగింది అదేనని విశాఖలో కంటైనరు తలుపు తెరిచినప్పుడు బయటపడింది: మా సోఫా వెనుక ఎవరిదో పిల్లల ఉయ్యాల, దాని పక్కన ఎవరిదో ట్రెడ్‌మిల్లు ఉన్నాయి.

సర్దడానికి వచ్చిన కుర్రాళ్ళకు ఆ సూపర్‌వైజరు ఎవరో తెలియదు. పొద్దున కూలీల అడ్డా దగ్గర ఎవరో పిలిస్తే వచ్చామన్నారు. అయినా వాళ్ళ చేతిపనికి వంక పెట్టలేను. గోద్రెజ్ బీరువాకు నాలుగు వైపులా ముడతల అట్ట చుట్టి, మూలలకు థర్మోకోల్ ముక్కలు పెట్టి, పైన ప్లాస్టిక్ పొర బిగించి లాగిన తీరు చూస్తే ముచ్చటేసింది. చిక్కంతా వాళ్ళలో కాస్త చదువుకున్న కుర్రాడి చేతిలోని సామాన్ల చిట్టాతో వచ్చింది. ఆ ఫారంలో వస్తువు పేరు, సంఖ్య, స్థితి అని మూడు గళ్ళు ఉన్నాయి. అతను సామాను వైపు తల తిప్పకుండానే, స్థితి గడిలో పై నుంచి కింది దాకా ‘పాతది, గీతలున్నవి’ అన్న గుర్తు పెట్టుకుంటూ పోయాడు. నిరుడు దసరాకు కొన్న ఫ్రిజ్జూ పాతదే, అట్టపెట్టెలోంచి ఇంకా బయటికి తీయని మిక్సీ కూడా గీతలున్నదే. రుబ్బురోలును ‘రాయి, 1’ అని రాసుకుని దానికీ గీతలున్నట్టు గుర్తు పెట్టాడు. ఇదేమిటని అడిగితే, “అందరికీ ఇలాగే రాస్తాం మేడమ్, ఉత్త ఫార్మాలిటీ” అన్నాడు. రేపు ఫ్రిజ్జు తలుపు సొట్టపడి చేరితే, అది బయలుదేరేటప్పుడే అలా ఉందని నా సంతకంతోనే రుజువు చేయడానికి ముందుగా తయారుచేసుకుంటున్న కాగితం అది. ఫ్రిజ్జు, టీవీ, వాషింగ్ మెషీన్ ఎదుట ఉన్న గుర్తులను కొట్టివేయించి ‘బాగున్నది’ అని రాయించాను. పక్కన అతనూ నేనూ సంతకాలు చేశాం. వంటింటి సామానుకైతే లోపల ఏముందో రాయనే లేదు, ‘కిచెన్ బాక్సు’ అని వరస అంకెలు వేసి ఊరుకున్నాడు. అందుకని టేపు వేయకముందే ప్రతి పెట్టెనూ, దాని మీది అంకె కూడా కనబడేట్టు, ఫోనుతో ఫోటో తీశాను. మావారు దీన్ని చాదస్తం అన్నారు.

కొటేషనులో అన్నిటికంటే తెలివైన పద్దు బీమాది. సామాను విలువ మనం ఎంత చెబితే దాని మీద మూడు శాతం ‘ట్రాన్సిట్ ఇన్సూరెన్స్’ అని రాస్తారు. ఇందులో రెండు రకాలున్నాయి. వారు మాత్రం రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. ఒకటి నిజమైన బీమా, అంటే బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. లైసెన్సు ఉన్న బీమా కంపెనీ ఇచ్చే పాలసీ. రవాణా కంపెనీకి, తాను పంపే సరుకులన్నిటికీ కలిపి తీసుకునే అటువంటి ఓపెన్ పాలసీ ఉంటే, మన సామానుకు దాని కింద విడిగా ఒక సర్టిఫికెట్ రావాలి, దానికి నంబరు ఉండాలి. రెండోది ఎఫ్.ఓ.వి. (ఫ్రైట్ ఆన్ వాల్యూ) అనే రిస్కు రుసుము. దీని వెనుక ఏ బీమా కంపెనీ ఉండదు, నష్టం వస్తే ఇస్తామన్న రవాణా కంపెనీ మాట తప్ప. నిజమైన పాలసీలలోనూ తేడాలున్నాయి. రోడ్డు రవాణాకు ‘ఎ’ క్లాజు దాదాపు అన్ని రిస్కులనూ చూసుకుంటుంది. ‘బి’ క్లాజు అగ్నిప్రమాదం, లారీ ఢీకొనడం, బోల్తాపడడం వంటివాటికి. ‘సి’ క్లాజు అగ్నిప్రమాదానికి, పిడుగుపాటుకు. బండి గుంతలో పడి లేచినప్పుడు టీవీ తెర చిట్లితే ‘బి’తోగాని ‘సి’తోగాని ఉపయోగం లేదు. మేము సర్టిఫికెట్ నంబరు అడిగిన ప్రతిసారీ “ఆఫీసు నుంచి వస్తుంది” అన్నారు. అది ఎన్నటికీ రాదని అర్థమయ్యాక ఆ పద్దును కొట్టివేయించి, ఆ డబ్బు ఇవ్వలేదు. వెంటనే వారు బిల్టీ మీద, అంటే సామాను అందుకున్నట్టు ఇచ్చే రవాణా రసీదు మీద, ‘ఓనర్స్ రిస్క్’ (నష్టం వస్తే సామాను యజమానిదే) అని రబ్బరు ముద్ర గట్టిగా గుద్దారు.

ఈ బిల్టీ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాపారంలో నిజంగా బరువున్న కాగితం ఇదొక్కటే. కొటేషన్, వాట్సాప్ మాటలు, రంగుల బ్రోచరు అన్నీ ఇష్టంగా ఇస్తారు. బిల్టీ అడిగితే మాత్రం డ్రైవరు దగ్గర ఉందంటారు, ఆఫీసులో ఉందంటారు, ఇచ్చినా సగం గళ్ళు ఖాళీగా ఉంటాయి. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, సరుకు అందుకున్న రవాణాదారు రసీదు ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ చట్టంలో రవాణాదారు అన్న నిర్వచనంలోకి లారీ ఉన్నవారే కాదు, బుకింగ్ కంపెనీ, కాంట్రాక్టరు, ఏజెంటు, బ్రోకరు కూడా వస్తారు. “మాది బుకింగ్ మాత్రమేనండీ, రవాణా మాది కాదు” అని ఫోనులో తప్పించుకునేవారికి ఈ నిర్వచనం చదివి వినిపించవచ్చు, నేను వినిపించాను. మనం అదనపు రిస్కు రుసుము కట్టకపోయినా రవాణాదారు బాధ్యత పూర్తిగా పోదు: 2011 నాటి నిబంధనల ప్రకారం, కిరాయికి పది రెట్ల వరకు, సామాను పంపేటప్పుడు మనం రాసిచ్చిన విలువకు మించకుండా, అతను నష్టం భరించాలి. కిరాయి ఎంతో, సామాను విలువ ఎంతో బిల్టీలో రాయకుండా ఖాళీ ఉంచడంలోని రహస్యం ఇదే. ‘ఓనర్స్ రిస్క్’ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యానికి జవాబు చెప్పనక్కరలేదని కాదని సుప్రీంకోర్టు పాత చట్టం కిందే, 2000లో స్పష్టం చేసింది. మేము గళ్ళన్నీ నింపించి, ఒక ప్రతి చేతికి తీసుకున్నాకే బండిని కదలనిచ్చాం. దాని మీద ముద్రించిన కంపెనీ పేరు కొటేషన్ మీది పేరు కాదు. అడిగితే, “మా సిస్టర్ కన్సర్న్” అన్నారు.

నూనెలు, పచ్చళ్ళు బండిలో ఎక్కించబోమన్నారు గనుక ఆవకాయ జాడీలను మేము కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో మాతోపాటు తెచ్చుకున్నాం. స్కూటరులో పెట్రోలు తీయించి బండెక్కించాం. వేరే రాష్ట్రంలో మళ్ళీ రిజిస్టరు చేయించడానికి కావలసిన ఎన్.ఓ.సి. కోసం పుణె ఆర్.టి.ఓ. చుట్టూ తిరిగిన కథ వేరే ఉంది.

పుణె నుంచి సోలాపూర్, జహీరాబాద్, హైదరాబాదు, సూర్యాపేటల మీదుగా విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి విశాఖకు 16వ నంబరు రహదారి. మొత్తం దాదాపు 1200 కిలోమీటర్లు. నేరుగా వచ్చే లారీకి ఇది మూడు రోజుల దారి. మాకు పంపిన ట్రాకింగ్ లింకు ఎప్పుడు తెరిచినా ‘దారిలో ఉంది’ అనే చెప్పేది. సూపర్‌వైజరు ఫోను ఎత్తడం మానేశాడు. ఆఫీసు నంబరులో ఒక అమ్మాయి ఎంతో మృదువుగా “బండి సోలాపూర్ దాటింది మేడమ్” అనేది. మరునాడు అడిగినా సోలాపూరే దాటేది. ఖాళీ ఫ్లాటులో చాపలు పరుచుకుని, హోటలు ఇడ్లీలు తింటూ, సామాను నిజానికి ఇంకా పుణె గోడౌనులోనే ఉందని మేము ఊహించుకున్నాం. ఆ ఊహ నిజమేనని డ్రైవరు తరువాత చెప్పాడు.

డ్రైవరు ఒక రోజు తెల్లవారకముందే ఫోన్ చేశాడు. సోలాపూరులో స్థిరపడిన తెలుగు పద్మశాలీల కుటుంబం వాడట. మరాఠీ యాస కలిసిన అతని తెలుగు వినడానికి బాగుంది, చెప్పిన విషయం మాత్రం బాగా లేదు. “అక్కా, బండి మద్దిలపాలెం దగ్గర పెట్టాను. మీ సందులోకి ఇది రాదు, చిన్న బండి మాట్లాడుకోండి. హమాలీ మీదే. చెక్‌పోస్టుల ఖర్చు, ఎంట్రీ టాక్సు వేరే ఇవ్వమన్నారు” అన్నాడు. సీతమ్మధార ఎత్తుల మీది ఇరుకు వీధుల్లోకి కంటైనరు రాదన్నది నిజమే, కాని ఆ సంగతి ముందే చెప్పి 14 అడుగుల బండికి ఒప్పందం చేసుకున్నాం. ఎంట్రీ టాక్సు అనేది జి.ఎస్.టి. వచ్చిన 2017 జూలై 1 నుంచే లేదు. వాడిన ఇంటి సామానుకు, సరుకు రవాణాకు తీసుకునే ఇ-వే బిల్లు కూడా అవసరం లేదని నిబంధనల్లోనే ఉంది. ఇవన్నీ చెబితే అతను వాదించలేదు. “నాకేం తెలుసక్కా, అడగమన్నారు, అడిగాను” అన్నాడు.

అసలు విషయం ఆ తరువాత బయటికి వచ్చింది. మిగిలిన సగం డబ్బు సామాను దించాక ఇవ్వాలన్నది ఒప్పందం. ఆ ఉదయమే, ఇన్నాళ్ళూ మూగబోయిన సూపర్‌వైజరు ఫోను మేల్కొని, ఆ మొత్తాన్ని దించకముందే ఒక వ్యక్తిగత ఖాతాకు పంపమన్నాడు. లేకపోతే బండి తలుపు తెరుచుకోదన్నాడు. డ్రైవరును అడిగితే, తనకు పుణెలో డీజిలుకు మాత్రం అడ్వాన్సు ఇచ్చారని, మిగిలిన కిరాయి “పార్టీ దగ్గర తీసుకో” అన్నారని చెప్పాడు. అంటే మేము ఆ వ్యక్తిగత ఖాతాకు డబ్బు పంపి ఉంటే, డ్రైవరు తన కిరాయి కోసం మళ్ళీ మా సామానునే అడ్డం పెట్టుకునేవాడు. అతనికి దక్కవలసిన మొత్తం విన్నాక నాకు కోపం పోయింది. మేము ఇచ్చిన దానిలో సగం కూడా లారీదాకా చేరలేదు. మధ్యలో ఎవరెవరు ఎంతెంత తీసుకున్నారో అతనికీ తెలియదు.

మావారు ఆ ఉదయం చూపించిన ఓర్పు నాకు లేదు. కంపెనీకి ఇవ్వవలసిన మిగులులోంచి డ్రైవరు కిరాయిని నేరుగా అతనికి చెల్లిస్తామని, చిన్న బండి ఖర్చు, హమాలీ కూడా అందులోంచే మినహాయిస్తామని, మిగిలినది సామాను సరిచూసుకున్నాక పంపుతామని సూపర్‌వైజరుకు వాట్సాప్‌లో రాశారు. అతను చాలాసేపు అరిచాడు. డ్రైవరు తనూ ఫోను తీసుకుని మరాఠీలో అంతకంటే గట్టిగా అరిచాడు. మధ్యాహ్నానికి ‘ఓకే’ అని జవాబు వచ్చింది. ఇచ్చిన ప్రతి రూపాయినీ బిల్టీ వెనుక రాసి, డ్రైవరుతో సంతకం పెట్టించుకున్నాం.

బీరువా చెక్కుచెదరలేదు. రుబ్బురోలు గురించి చెప్పనక్కరలేదు. ఫ్రిజ్జు తలుపు సొట్టపడింది, స్కూటరుకు ఒక అద్దం లేదు, డైనింగ్ టేబులు గాజు పలక చివర చిట్లింది, వంటింటి పెట్టెల్లో ఒకటి అసలు రాలేదు. ఇత్తడి గంగాళం, మా అత్తగారి కాశీ చెంబు, పెద్ద ఇడ్లీ పాత్ర ఉన్నది అందులోనే. అందినట్టు సంతకం పెట్టే కాగితం మీద ‘సామాను మంచి స్థితిలో అందినది’ అని ముందే అచ్చయి ఉంది. దాన్ని కొట్టివేసి, తేడాలన్నీ వరసగా రాసి, డ్రైవరు సంతకం తీసుకున్నాం. పెట్టె సంగతి అడిగితే కంపెనీవారు, చిట్టాలో ‘కిచెన్ బాక్సు’ అని తప్ప లోపల ఏముందో లేదు గనుక పాత డబ్బాలే ఉండి ఉండవచ్చునన్నారు. పెట్టె తెరిచి ఉండగా తీసిన ఫోటోలో గంగాళమూ, దాని పక్కన అంకె కూడా స్పష్టంగా ఉన్నాయి. మావారు ఆ తరువాత చాదస్తం అన్న మాట ఎత్తలేదు.

నష్టం గురించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వడానికి 2007 చట్టం 180 రోజుల గడువు పెట్టింది. ఆ లెక్క సామాను అందిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. కంపెనీవారు “చూస్తున్నాం, వచ్చే వారం” అంటూ నెలలు గడిపేది బహుశా ఈ గడువు తెలిసే. మేము వారం ఆగకుండా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం: కొటేషన్ మీది పేరుకు ఒకటి, బిల్టీ మీది పేరుకు ఒకటి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు కూడా చేశాం. అక్కడ తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేము నివసించే చోటే, అంటే విశాఖ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, పుణె వెళ్ళనక్కరలేదు. మేము చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపే గనుక దానికి ఫీజు కూడా లేదు. కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి ఉంచాం.

ఇంతవరకు జరిగిన పరిణామం ఒక్కటే. కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఫ్రిజ్జుకు, గాజు పలకకు అయ్యే ఖర్చులో సగం ఇస్తామని, అందుకు బదులుగా మేము ఇంటర్నెట్‌లో రాసిన రివ్యూ తీసివేసి ఐదు నక్షత్రాలు పెట్టాలని అడిగాడు. పెట్టె సంగతి ఎత్తలేదు. ఆ మాటనే కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో రాసి పంపితే ఆలోచిస్తామన్నాం. ఏ పేరుతో ఉన్న లెటర్‌హెడ్ మీద పంపాలో కనుక్కుని చెబుతానని ఫోను పెట్టేశాడు.